ఏ ప్యాటీకి ఏ టాపింగ్: బెంగళూరు బర్గర్ ఆర్డర్ల లెక్క

మారతహళ్లి, బెల్లందూరు ఆఫీసుల్లోని తెలుగువాళ్లు నలుగురు కలిసి బర్గర్లు తినడానికి వెళ్తే ఆర్డరు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఒక ఆలూ టిక్కీ, రెండు స్పైసీ చికెన్, ఒక వాపర్ (బర్గర్ కింగ్ వాళ్ల పెద్ద బర్గర్), అన్నిటికీ ఎక్స్‌ట్రా చీజ్. డబ్బు దండగయ్యేది ఆ చివరి మాట దగ్గరే. ప్యాటీ, అంటే బన్ను మధ్యలో పెట్టే బిళ్ల, నూనెలో వేగిందా, మంట మీద కాలిందా అన్నది ముందు చూసుకోవాలి, టాపింగ్ సంగతి ఆ తర్వాత.

వేయించిన ప్యాటీకి కరకరే ప్రాణం. మెక్‌డొనాల్డ్స్ మెక్‌స్పైసీ చికెన్‌లో మయోనైజ్, లెట్యూస్ తప్ప టమాటా ఉండదు. అది పిసినారితనం కాదు. టమాటా ముక్క నీరు వదిలిందంటే పైపొర నాని, కొరికినప్పుడు తోలులా ఊడొస్తుంది. చీజ్ స్లైసు పెట్టించినా ఇలాంటి ఇబ్బందే. కరిగి పొరకి అంటుకుంటుంది, లోపలి ఆవిరి బయటికి పోనివ్వదు. పైగా పాల పదార్థం కారాన్ని తగ్గిస్తుంది. కారం కోసం కొన్నదానికి మళ్లీ డబ్బిచ్చి కారం తగ్గించుకోవడం ఎందుకు?

కారం చాలదని జలపెనో మిర్చి అడిగేవాళ్లు ఒకటి గమనించాలి. జలపెనో కారం సుమారు 2,500 నుంచి 8,000 స్కోవిల్ యూనిట్లు. మన గుంటూరు సన్నం మిర్చి 35,000 పైమాటే. సీసాలో ఊరిన జలపెనో ఇచ్చేది ముఖ్యంగా పులుపు. ఆ పులుపు కావాలనుకుంటే పెట్టించుకోండి, కారం మీద ఆశతో మాత్రం వద్దు.

ఆలూ టిక్కీకి వస్తే ఉల్లిపాయ తీయించకూడదు. మెత్తటి బన్నులో మెత్తటి దుంపకి పంటికి తగిలేలా ఉండేది ఆ పచ్చి ఉల్లి చక్రాలే. దుంపలో కొవ్వు లేదు కాబట్టి ఇక్కడ చీజ్‌కి పెట్టిన డబ్బు దక్కుతుంది.

ఇక మంట మీద కాల్చే ప్యాటీ సంగతి. బర్గర్ కింగ్ 2014 నవంబరులో మన దేశానికి వచ్చినప్పుడు వాపర్‌ని బీఫ్ లేకుండా చికెన్, మటన్, వెజ్ రకాల్లో తెచ్చింది. టమాటా, లెట్యూస్, ఉల్లి, గెర్కిన్ (ఊరబెట్టిన చిన్న దోసకాయ), కెచప్, మయో అన్నీ అందులోనే ఉంటాయి, కొత్తగా చేర్చాల్సింది తక్కువ. పుల్లగా ఉందని చాలామంది గెర్కిన్ తీసి పక్కన పెడతారు. మటన్ కొవ్వుకి విరుగుడు ఆ పులుపే. (గెర్కిన్ పరాయి సరుకేం కాదు, కర్ణాటక పొలాల్లో పండి విదేశాలకి ఎగుమతయ్యేదే.) తగ్గించాలనుకుంటే కెచప్ తగ్గించమనండి. మయోలోని నూనె బన్నుని కాస్త కాపాడుతుంది, కెచప్‌లోని నీరు నేరుగా ఇంకిపోతుంది.

వేయించిన గుడ్డు టాపింగ్‌గా, ట్రఫుల్స్ లాంటి రెస్టారెంట్లో కూర్చుని, ప్లేటులో తినేటప్పుడే బాగుంటుంది. పచ్చసొన సాస్‌లా కారాలి, బర్గర్ దాంతో తడవాలి, వెంటనే తినేయాలి. అదే పార్సిల్ అయితే గుడ్డు గట్టిపడుతుంది, లేదా కారి డబ్బా అడుగున చేరుతుంది.

పార్సిల్ సంగతే వేరు. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటి వచ్చేసరికి డబ్బాలోని ఆవిరి లెట్యూస్‌ని ఉడకబెట్టేస్తుంది. యాప్‌లో టాపింగ్ కలిపే ఆప్షన్ ఉన్నంత తేలిగ్గా తీసేసే ఆప్షన్ కనపడదు. సూచనల పెట్టెలో 'సాస్ విడిగా, టమాటా వద్దు' అని రెండే ముక్కలు రాయండి, పొడుగ్గా రాస్తే ఎవరూ చదవరు. డబ్బా చేతికి రాగానే మూత తీసేయండి.

అప్పటికే చల్లారిపోతే మొత్తం బర్గర్‌ని మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, బన్ను రబ్బరులా సాగుతుంది. ఆకు, టమాటా తీసేసి, వేయించిన ప్యాటీని పెనం మీద సన్నసెగన అటు రెండు, ఇటు రెండు నిమిషాలు ఉంచండి. ఎయిర్ ఫ్రయ్యర్ ఉంటే 180 డిగ్రీల్లో నాలుగు నిమిషాలు. బన్నుని కోసిన వైపు మాత్రమే ఒక్క నిమిషం కాల్చి, ఆకుని చివర్లో పెట్టాలి.