చిలుక బొమ్మ ఉన్న మేకు

సోమవారం. రాత్రి 9 దాటింది. ఇప్పుడు రాయకపోతే రేపటికి సగం మర్చిపోతాను.

నిన్న ఆదివారం మా అంగన్‌వాడీ సెంటర్‌కు సున్నం వేయించాం. వానలకు గోడలు చెమ్మ పట్టి పెచ్చులూడుతున్నాయి. సాయంత్రం గోడలు ఆరాక నేనూ ఆయమ్మా కలిసి సామానంతా సర్దేశాం. చాపలు, బొమ్మల బుట్ట, బరువు చూసే మిషన్, చార్టులు అన్నీ. తలుపు పక్క గోడకు పిల్లలు సంచులు తగిలించుకునే మేకులు వరసగా ఉంటాయి. వాళ్లకు చదవడం రాదు కదా, అందుకని ఒక్కో మేకు పైన ఒక్కో బొమ్మ అంటించాను. మామిడికాయ, చేప, చిలుక, గొడుగు, సైకిల్. ఎవరి బొమ్మ ఏదో వాళ్లకు బాగా తెలుసు. సున్నం కోసం ఆ బొమ్మలన్నీ ఊడదీశాం. నిన్న చీకటి పడుతోందని, చేతికి ఏది వస్తే అది అంటించి తాళం వేసి వచ్చేశాను.

పొద్దున తలుపు తీయగానే గది తెల్లగా వెలిగిపోతుంటే ఎంత సంతోషమేసిందో. 9 దాటాక పిల్లలు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. నాలుగైదేళ్ల వాళ్లు తమ బొమ్మ ఎక్కడుందో వెతుక్కుని సంచులు తగిలించేసి ఆటల్లో పడ్డారు.

తర్వాత బుజ్జి వచ్చింది. అసలు పేరు రాయను, సెంటర్‌లో అందరం బుజ్జి అనే పిలుస్తాం. ఈ మధ్యే మూడేళ్లు నిండాయి. నాయనమ్మ చెయ్యి వదిలి, చెప్పులు విడిచి, ఎప్పటిలాగే నేరుగా మూడో మేకు దగ్గరకు నడిచింది. మడమలెత్తి సంచి పైకెత్తింది. అక్కడ చేప ఉంది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. చేప వంక చూసింది, నా వంక చూసింది, మళ్లీ చేప వంక చూసింది. పెదవి వణికింది. అంతే, ఇక ఏడుపు. మామూలు ఏడుపు కాదు, ఊపిరి తిప్పుకోలేనంత.

"ఏం జేయాలె టీచరమ్మా, మస్తు మొండిదైంది. వాళ్లమ్మ పత్తి ఏరవోతది గదా, ఇది లేచేసరికి కానరాదు. గప్పటి సంది గిట్లనే" అంది నాయనమ్మ. ఆకలేమో అంది ఆయమ్మ. చెవి పోటేమోనని నేను చెవి నొక్కి చూశాను. ఎత్తుకున్నాను. బొమ్మలిచ్చాను. ఆఖరికి మధ్యాహ్నం పెట్టాల్సిన గుడ్డు ఒకటి తొందరగా ఉడికించి, ఒలిచి చేతిలో పెట్టాను. విసిరికొట్టింది. మా దగ్గర పాటలయ్యాక, ఆటలయ్యాక, చేతులు కడుక్కున్నాక, పప్పన్నంతోపాటు వస్తుంది గుడ్డు. సంచి కూడా తగిలించకుండానే గుడ్డు వచ్చేసరికి ఆ పిల్లకు లోకం ఇంకా తలకిందులై ఉంటుంది. ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదు.

విషయం కనిపెట్టింది నేను కాదు, సైకిల్ బొమ్మ పిల్లాడు. వాడికి ఐదేళ్లు. "టీచర్, బుజ్జి చిలుక గాడ లేదు. గీడుంది" అని చివరి మేకు చూపించాడు.

వెంటనే చిలుకను ఊడదీసి మూడో మేకు పైన పెట్టాను. మూల కాస్త చిరిగింది, టేపు వేశాను. బుజ్జి వెక్కుతూనే దగ్గరకొచ్చింది. వేలితో చిలుక ముక్కు తాకింది. సంచి తగిలించి, పట్టీ పట్టుకుని ఒకసారి కిందికి లాగి చూసింది, ఊడదు కదా అని. ముక్కు కారుతూనే ఉంది. వెళ్లి చాప మీద, రోజూ కూర్చునే కిటికీ వైపు మూలన కూర్చుంది. ఇదంతా నిమిషం కూడా పట్టలేదు. అంతకుముందు ఇరవై నిమిషాలు ముగ్గురు పెద్దవాళ్లం ఆ పిల్ల మొండితనం గురించే మాట్లాడుకున్నాం.

ఆ తర్వాత మిగతా బొమ్మలన్నీ పీకేశాను. పిల్లలను వరసగా నిలబెట్టి, ఏది ఎక్కడుండేదో వాళ్లనే చెప్పమన్నాను. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు.

చాలా ఏళ్ల కిందట ఒక శిక్షణలో మాకు పాఠం చెప్పిన మేడమ్ ఒక సంఘటన చెప్పారు. చిన్నపిల్లల చదువుకు కొత్త దారి చూపిన ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి గారు స్వయంగా చూసింది అది. ఇటలీలో నేపుల్స్ దగ్గర నీరో గుహ అని ఒక సొరంగం ఉంది. అందులోంచి కొంతమంది నడిచి వెళ్తున్నారు. వాళ్లలో ఏడాదిన్నర పిల్లాడితో ఒక తల్లి కూడా ఉంది. పిల్లాడు అలిసిపోతే ఎత్తుకుంది. బరువుకు చెమట పట్టి, వేసుకున్న కోటు తీసి చేతి మీద వేసుకుంది. పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. ఎవరెంత ఊరుకోబెట్టినా ఊరుకోలేదు. మాంటిస్సోరి గారు ఆ తల్లి దగ్గరికెళ్లి, కోటు మళ్లీ వేసుకోమన్నారు. కోటు భుజాల మీదికి రాగానే పిల్లాడి ఏడుపు ఆగిపోయింది. ఆ పిల్లాడి లెక్కలో కోటు చోటు భుజం, చెయ్యి కాదు. వస్తువులు వాటి వాటి చోట్లో ఉండాలనే ఈ తపన మొదటి ఏడాదిలోనే మొదలవుతుందని ఆవిడ చెప్పేవారట. ఆవిడే 1939లో మద్రాసు అడయార్‌కు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండి, ఎంతోమంది టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఈ కథ నాకు నోటికి వచ్చు. కొత్తగా చేరిన టీచర్లకు నేనే చెబుతుంటాను. అయినా పొద్దున అది గుర్తు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా మనసుకు కష్టంగానే ఉంది.

మూడేళ్ల పిల్లకు గంటలు తెలియవు. నిన్న, మొన్న, పోయిన నెల అన్నీ వాళ్లకు 'నిన్న'నే. అమ్మ సాయంత్రం 6 గంటలకు వస్తుందని చెబితే ఏమర్థమవుతుంది? దేని తర్వాత ఏది అన్నది మాత్రం బాగా అర్థమవుతుంది. సంచి తగిలించాక పాటలు, తర్వాత ఆటలు, తర్వాత చేతులు కడుక్కోవడం, అన్నం, నిద్ర. లేచాక నాయనమ్మ వస్తుంది, నాయనమ్మతో ఇంటికెళ్తే అమ్మ వస్తుంది. ఆ వరస ఒక తాడు. దాన్ని పట్టుకుని పిల్ల పొద్దుటి నుంచి అమ్మ దాకా నడిచి వెళ్తుంది. మొదటి ముడే దొరకకపోతే చివర అమ్మ ఉందని ఎలా నమ్ముతుంది?

మా ఊళ్లో పత్తి ఏరే రోజుల్లో చిన్నపిల్లలందరూ కొంచెం ఇలాగే ఉంటారు. తల్లులు తెల్లవారకముందే ఆటో ఎక్కుతారు. నిద్ర లేపేవాళ్లు మారతారు, స్నానం చేయించే చెయ్యి మారుతుంది, ఒక రోజు నాయనమ్మ, ఒక రోజు పక్కింటి అక్క. ఇంట్లో వరస తప్పినప్పుడు సెంటర్‌లో వరస ఇంకా గట్టిగా ఉండాలి. నేను సరిగ్గా ఈ రోజుల్లోనే దాన్ని కదిపాను. అంగన్‌వాడీ పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఆధారశిల పాఠ్యప్రణాళికలో మొదటి 4 వారాలు పిల్లలు ఇంటి నుంచి వచ్చి అలవాటు పడటానికే కేటాయించారు. నన్నడిగితే పత్తి మొదలైనప్పుడు మళ్లీ ఒక వారం అలా ఉండాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఈ వరసను వేరేలా అర్థం చేసుకున్నాను. చేతులు కట్టుకుని కదలకుండా కూర్చోవడమే క్రమం అనుకునేదాన్ని. గడియారం చూసుకుంటూ ఒక ఆట మధ్యలో ఆపేసి ఇంకోటి మొదలుపెట్టేదాన్ని. అది నా సౌకర్యం. మట్టితో లడ్డూలు చేస్తున్న పిల్లను మూడో లడ్డూ దగ్గర లేపేస్తే అదీ వరస తప్పడమే. ఇప్పుడు "ఇంకో లడ్డూ చేసి లేద్దాం" అంటాను. చేసి లేస్తారు.

మధ్యాహ్నం అన్నం తర్వాత ఏడు చేపల కథ చెప్పాను. ఎన్నోసారో లెక్క లేదు. గడ్డిమోపు దాకా చెప్పి, ఆవును వదిలేసి గొల్లవాడి దగ్గరికి వెళ్లాను. కావాలని కాదు, మనసు పొద్దుటి గొడవలోనే ఉంది. "ఆవు, టీచర్! ఆవు!" అని ఒకటే అరుపు. సరే అని వెనక్కి వెళ్లాను. చేప ఎందుకు ఎండలేదు, గడ్డిమోపు ఎందుకు అడ్డమొచ్చింది, ఆవు ఎందుకు మేయలేదు, గొల్లవాడు ఎందుకు మేపలేదు, అవ్వ అన్నం ఎందుకు పెట్టలేదు, పిల్లవాడు ఎందుకు ఏడ్చాడు? చీమ కుట్టింది. చీమా చీమా, ఎందుకు కుట్టావు? అందరికంటే ముందు బుజ్జి గొంతే వినిపించింది. "నా బంగాలు పుత్తలో వేలు పెదితే కుత్తనా!"

చిన్నప్పటి నుంచి ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో. ఈరోజు మొదటిసారి చీమ వైపు నుంచి విన్నాను.

సాయంత్రం కిరాణా కొట్టు దగ్గర పత్తి ఆటో ఆగింది. బుజ్జి వాళ్లమ్మ దిగింది. చీర నిండా దూది పోగులు, వేళ్లన్నీ గీరుకుపోయి ఉన్నాయి. పొద్దుటి సంగతి చెబితే బాధపడింది. "ఏం జేద్దు టీచర్, ఆటో ఐదున్నరకే వస్తది. జడెయ్యనీకి కూడా ఉండలేకపోతున్న" అంది. అంతకుముందు రోజూ జడ తనే వేసేదట, రిబ్బను బుజ్జే పట్టుకుని నిలబడేదట.

"పొద్దున కాకపోతే రాత్రి వెయ్యమ్మా. ఎంత ఆలస్యమైనా పడుకునే ముందు నువ్వే వెయ్యి. రిబ్బను దాని చేతికే ఇవ్వు. పొద్దున లేవగానే జడ తడుముకుంటే అమ్మ వేసిందని తెలుస్తుంది" అన్నాను. పడుకుంటే జడ చెదిరిపోతుంది కదా అంది. చెదిరినా ఫర్వాలేదన్నాను. కాసేపు ఆలోచించి, ఇవాళే వేస్తానని గబగబా ఇంటి వైపు నడిచింది.

బుధవారం నీళ్ల డ్రమ్ము జరపాలి. కొత్త నల్లా అవతలి గోడకు పెట్టారు కాబట్టి తప్పదు. ఈసారి పిల్లలు వెళ్లిపోయాక జరపను. రేపు పాటల తర్వాత వాళ్లకు చెబుతాను, డ్రమ్ము ఎక్కడికి పోతుందో తీసుకెళ్లి చూపిస్తాను. ఎల్లుండి వాళ్ల ముందే జరుపుతాం. గ్లాసులు పెద్ద పిల్లలు మోస్తారు. డ్రమ్ము మూత బుజ్జికిస్తాను.