బంగారానికి తరుగు లేదు

మేడారం జాతర దగ్గర పడితే మా వైపు బెల్లాన్ని ఎవరూ బెల్లం అనరు. బంగారం అంటారు. మనిషి బరువుకు సరిపడా బెల్లం తూచి సమ్మక్కకు మొక్కు చెల్లిస్తే అది ఎత్తు బంగారం. కిరాణా కొట్టు ముందు నిలబడి "ఎత్తు బంగారం కావాలె" అంటే చాలు, కొట్టాయన మనిషిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఎన్ని ముద్దలు పడతాయో మనసులోనే లెక్క వేసుకుంటాడు. ఆధార్ జిరాక్స్ కూడా అడుగుతాడు, గుడుంబాకు, అంటే నాటుసారాకు పోతుందేమోనని. తల్లి బంగారానికి ఆధారేందని మా అత్తమ్మ ప్రతి జాతరకూ గొడవ పెట్టుకుంటుంది, చివరికి కొంగు ముడి విప్పి ఆ కాగితమే ఇస్తుంది.

ఈసారి తక్కెడలో కూర్చున్నది నేను.

మాది పరకాల దగ్గర ఒక పల్లె. ఊళ్లోని మహిళా సంఘాలన్నీ కలిసిన మా గ్రామైక్య సంఘానికి మూడేళ్లుగా నేనే అధ్యక్షురాలిని. ఊళ్లో వడ్ల కొనుగోలు కేంద్రం మా సంఘమే నడుపుతుంది. అందరూ సెంటర్ అంటారు. సెంటర్ అంటే పొద్దంతా కాంటా పనే. మిషన్‌లో గింజలు పోసి తేమ చూడాలి. 17 శాతం దాటితే ఇంకా ఎండబెట్టమని చెప్పి తిట్లు తినాలి. తాలు ఉంటే తూర్పార పట్టమనాలి. 40 కిలోల బస్తా తూచి, ఖాళీ గన్నీ బరువు తీసేసి, లారీ ఎక్కించి ట్రక్ షీట్ రాయాలి.

2025 అక్టోబరు చివర మొంథా తుఫాను వచ్చింది కదా. వరంగల్, హనుమకొండ కాలనీల్లో నీళ్లు నిలిచిన సంగతి అందరూ టీవీల్లో చూశారు. మా సెంటర్‌లో కుప్పలు తడిసిన సంగతి మాకే తెలుసు. పైన పరదాలు కప్పాం, నీళ్లు కిందినుంచి వచ్చాయి. ఎండబెట్టి, తిరగేసి, మళ్లీ ఎండబెట్టి నవంబరులో లారీ పంపితే ఒక మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. బస్తాకు రెండు కిలోలు తరుగు తీస్తాం, ఒప్పుకుంటేనే దించుకుంటాం అని. అప్పటికి ఆ వడ్లు 17 లోపే ఉన్నాయి. నా చేత్తో చూసి, నా చేత్తో రాసిన లెక్క అది. అయినా నోట్లోంచి "సరే సార్" అనే వచ్చింది.

లారీ ఆగిపోతుందన్న టెన్షన్ ఉంది, నిజమే. కానీ అసలు సంగతి వేరే. ఇంటర్‌తో చదువు ఆపినదాన్ని, మిల్లాయనకు ఎదురు చెప్పడానికి నేనెవర్ని అనుకున్నాను. రిజిస్టర్ నా ముందే తెరిచి ఉంది. దాంట్లో అంకెల మీద నాకు నమ్మకం ఉంది, ఆ అంకెలు రాసిన మనిషి మీదే లేదు.

"ఆడోళ్ల చేతికి సెంటరిస్తే గిట్లనే ఉంటది" అని ఒక పెద్దాయన నా మొహం మీదే అన్నాడు. ఆయనవి 210 బస్తాలు. రెండేసి కిలోల చొప్పున నాలుగు క్వింటాళ్ల 20 కిలోలు పోయాయి. ఆ రాత్రి ఆయన అన్న మాటకు ఏడ్చాను. ఆయనకు పోయిన నాలుగు క్వింటాళ్లకు ఏడవలేదు. ఈ తేడా నాకు చాలా రోజుల దాకా తట్టలేదు. రాజీనామా కాగితం రాసి బీరువాలో చీరల కింద పెట్టాను.

డిసెంబరు 1న గీతా జయంతి. రామాలయంలో అయ్యగారు ఆత్మసంయమ యోగంలోని ఐదో శ్లోకం చదివారు.

ఉద్ధరేదాత్మనాత్మానం నాత్మానమవసాదయేత్ ।
ఆత్మైవ హ్యాత్మనో బంధురాత్మైవ రిపురాత్మనః ॥

నిన్ను నువ్వే పైకి తెచ్చుకో, నిన్ను నువ్వు కిందికి దిగజార్చుకోకు, నీకు చుట్టమూ నువ్వే, పగవాడూ నువ్వే. ఈ శ్లోకం చిన్నప్పటి నుంచి వింటున్నదే. మామూలుగా అందరూ మొదటి మాట దగ్గరే ఆగుతారు, 'ఉద్ధరేత్' అని. ఫోన్లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మల మీద కూడా అదే ఉంటుంది, వెనకాల సూర్యుడు, పక్కన పరిగెత్తే గుర్రం. నాకు ఆ రోజు రెండో మాట ముల్లులా గుచ్చుకుంది. 'న అవసాదయేత్.' కుంగదీయకు. ఎవరినో కాదు, నిన్నే. ఎదుటివాళ్లను తక్కువ చేస్తే పాపమని మనకు చిన్నప్పుడే నేర్పుతారు. తనను తాను తక్కువ చేసుకుంటే మాత్రం అణకువ గల పిల్ల అని మెచ్చుకుంటారు. గీతలో ఆ మినహాయింపు లేదు.

అయినా కాగితం చీరల కిందే ఉంది. శ్లోకం విన్నంత మాత్రాన ధైర్యం వచ్చేస్తే ఇన్నేళ్లలో ఎప్పుడో వచ్చేది.

జాతర 28 జనవరి నుంచి. ముందు ఆదివారం పొద్దున అత్తమ్మ వాకిట్లో సాన్పు చల్లి, ముగ్గేసి, వేపచెట్టు కొమ్మకు పెద్ద తక్కెడ కట్టించింది. ఎవరికని అడిగితే నాకేనంది. తుఫాను నాటి రాత్రి నేను సెంటర్‌లోనే ఉండిపోతే, కోడలు ఈ గండం గట్టెక్కితే ఎత్తు బంగారం తూపిస్తానని సమ్మక్కకు మొక్కుకుందట. నాకు చెప్పనే లేదు.

"ఏం గట్టెక్కిన అత్తమ్మా? ఊరి వడ్లన్నీ తరుగుకు పోయినయ్. నాకు బంగారమెందుకు?" అన్నాను.

"నువ్వు గెలిస్తే తూపిస్త అని మొక్కలే బిడ్డా. నువ్వు ఇంటికి రావాలె అని మొక్కిన. కూసో."

బొట్టు పెట్టించుకుని కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. తక్కెడ ఊగింది. అవతలి పళ్లెంలో బెల్లం ముద్దలు పేరుస్తున్నది మా సెంటర్ హమాలీ తమ్ముడే. వాడి చేతుల్లో వేల బస్తాలు తూయించినదాన్ని, ఇప్పుడు నేనే బస్తా అయ్యాను. వాడకట్టంతా నిలబడి నా బరువు చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోతూ, ఫోను తీసి పక్కనపెట్టి, అలవాటు కొద్దీ అనేశాను: "చీర, గాజుల బరువు తీసెయ్ తమ్మీ, గన్నీకి తీసినట్టు."

అందరూ నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. "తల్లి బంగారానికి తరుగేందే? మనిషెంతుంటే అంత పెట్టాలె" అని తనే ఇంకో చిన్న ముద్ద వేసింది, అటు మొగ్గు చూపేదాకా.

నా పళ్లెం నేల వదిలి లేచింది. జానెడు ఎత్తే. ఆ జానెడు ఎత్తులో కూర్చుని ఉండగా ఫోన్లో మిల్లాయన గొంతు గుర్తొచ్చింది, దానికి ముందే లోపల వినిపించిన నా గొంతూ గుర్తొచ్చింది. మిల్లు బస్తాకు రెండు కిలోలు తీసింది. అంతకన్నా ముందే నాకు నేను తరుగు తీసుకున్నాను. ఇంటర్‌కింత, ఆడదాన్నని ఇంత, గట్టిగా మాట్లాడలేనని ఇంత. మిగిలిన మనిషి "సరే సార్" అంది. ఆ తరుగు నా ఒక్కదానికే తగిలి ఉంటే నా ఖర్మ అనుకోవచ్చు. పోయింది ఆ పెద్దాయన వడ్లు. లీడర్ తనను తాను తక్కువ తూచుకుంటే వెనకున్న వాళ్ల బస్తాలన్నీ తక్కువ తూగుతాయి. నేను అణకువ అనుకున్నదానికి ఖరీదు కట్టింది ఊరు.

తూకం అరవై ఒక కిలోలు. ఇది రాయొద్దని మా ఆయన అన్నాడు, రాస్తున్నాను.

ములుగులో గట్టమ్మకు మొక్కి, పస్రా మీదుగా వెళ్లాం. సమ్మక్క గద్దెకు వచ్చే రెండో రోజు అక్కడ ఉన్నాం. చిలుకలగుట్ట నుంచి కోయ పూజారులు, వడ్డెలు అంటారు వాళ్లను, కుంకుమ భరిణె తెస్తుంటే పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చి స్వాగతం చెప్పారు. అంత జనం ఊపిరి బిగబట్టి ఎదురుచూసేది ఒక చిన్న భరిణె కోసం. విగ్రహం లేదు, కిరీటం లేదు.

సమ్మక్క ఎవరికి పుట్టిందో కథకు కూడా తెలియదు. వేటకు పోయిన మేడరాజుకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ దొరికిన పాప అంటారు. కరువొచ్చి కప్పం కట్టలేకపోతే కాకతీయ సైన్యం మీదికొచ్చింది. భర్త పగిడిద్దరాజు, బిడ్డ సారలమ్మ, కొడుకు జంపన్న అందరూ పోయారు. తానూ వెన్ను మీద దెబ్బ తిని చిలుకలగుట్ట వైపు నడిచి మాయమైంది. వెతికిన వాళ్లకు దొరికింది కుంకుమ భరిణె. గెలుపోటముల లెక్కలో చూస్తే ఆమె ఓడిపోయింది. మా వరంగల్ వాళ్లం కాకతీయ తోరణాన్ని గుండెల మీద పెట్టుకుంటాం, రాష్ట్ర చిహ్నంలో కూడా అదే ఉంది. కానీ రెండేళ్లకోసారి ఎత్తు బంగారం మోసుకుని వెళ్లేది కాకతీయులకు ఎదురు నిలిచిన ఆమె దగ్గరికే. దీన్ని వింత అనుకునేదాన్ని. గద్దె ముందు తోపులాటలో, నెత్తిన బంగారం ముల్లెతో నిలబడ్డప్పుడు వింత అనిపించలేదు. ఆమెకు అక్కడ ఎవరూ ఓటమి కింద తరుగు తీయలేదు.

ఇంటికొచ్చాక ప్రసాదం బంగారం వాడకట్టంతా పంచాం. ఆ పెద్దాయన ఇంటికి నేనే వెళ్లాను. మంచంలో కూర్చుని ముక్క కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. కాసేపు నములుతూ ఊరుకుని, అప్పుడు అడిగాడు.

"యాసంగికి గూడ సెంటర్ నువ్వేనా?"

"నేనే పెదబాపూ. మీ వడ్ల లారీ ఎంట మిల్లు దాక నేనే పోత, తేమ రాసిన రిజిస్టర్ పట్టుకోని."

ఇంకో ముక్క కోసం చెయ్యి చాపాడు.