నీలం రంగు తేల్చిన లెక్క

మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ రికార్డులో, రక్తంలో ఫాస్ఫేట్ కొలిచే ‘ఫిస్కే–సుబ్బారో మెథడ్’ అని అందరం రాశాం. ఆ సుబ్బారో భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారని, పైగా మన మద్రాసు మెడికల్ కాలేజీకే సీనియరని అప్పట్లో ఎంతమందికి తెలుసో!

ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో మెట్రిక్ గట్టెక్కి, ప్రెసిడెన్సీలో ఇంటర్ చదివి, మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖద్దరు గౌను తొడుక్కుని సర్జరీ ప్రొఫెసర్‌గారికి కంటగింపయ్యారు. ఎంబీబీఎస్ దక్కలేదు, దానికంటే చిన్న పట్టా ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. 1922లో బోస్టన్ చేరి, తర్వాత అక్కడి హార్వర్డ్‌లో ఫిస్కే దగ్గర పనిచేశారు. సన్మాన వ్యాసాలన్నీ ఈ ఖద్దరు దగ్గరే ఆగిపోతాయి గనక, నేను టెస్ట్‌ట్యూబ్ దగ్గరికి వస్తాను.

1 మి.లీ. సీరంలో 9 మి.లీ. పది శాతం టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్) పోస్తే ప్రొటీన్లు తెల్లగా విరుగుతాయి. వడకట్టిన తేటలో 5 మి.లీ. తీసుకుని, 1 మి.లీ. యాసిడ్ మాలిబ్డేట్, నీలం రంగు తేల్చే ఆన్సా 0.4 మి.లీ. కలిపి, నీళ్ళతో 10 మి.లీ.కి తెచ్చి, ఐదు నిమిషాలాగి కలరీమీటర్‌లో చూడాలి. ఫాస్ఫేట్ ఎంతుంటే నీలం అంత చిక్కన. పెద్దవాళ్ళలో డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మి.గ్రా. మామూలు. యాసిడ్ తగ్గితే సీరం కలపని బ్లాంక్ ట్యూబే నీలమౌతుంది. రక్తం హీమోలైజ్ అయితే, అంటే ఎర్రకణాలు పగిలితే, వాటిలోని ఫాస్ఫేట్ బయటికొచ్చి అంకె పెరుగుతుంది. ఫాస్ఫేట్ ఉన్న సబ్బుతో ట్యూబులు కడిగి సరిగ్గా జాడించకపోయినా అంతే.

1925లో అచ్చయిన ఈ పద్ధతినే కండరం మీద వాడితే రీడింగ్ నిలవలేదు, నీలం నిమిషనిమిషానికీ ముదిరింది. రియేజెంట్ చెడిందని పారబొయ్యలేదు ఫిస్కే, సుబ్బారావు. యాసిడ్, మాలిబ్డేట్ కలిసి కండరంలోని ఏదో పదార్థాన్ని మెల్లగా విడగొడుతూ ఫాస్ఫేట్‌ను వదిలిస్తున్నాయని తేల్చారు. కండరం శక్తిని దాచుకునే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో అలా దొరికింది. 1929లో కణాలకు శక్తినందించే ఏటీపీ దొరికింది. అదే ఏడు దాన్ని జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా పట్టుకున్నాడు కాబట్టి ‘సుబ్బారావొక్కరే’ అని రాయకండి. ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా, ఆయన తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో నడిపిన విభాగంలో డగ్గర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టినదే.

హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరక్క 1940లో లెడర్లీకి వెళ్ళారు. ఆయన అన్నదమ్ములిద్దర్ని, తిన్నది పేగులు పీల్చుకోలేని స్ప్రూ జబ్బు తీసుకుపోయింది. ఆ జబ్బు రక్తహీనతకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందమే ల్యాబులో తయారుచేసింది. దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌తో ఫార్బర్ అనే డాక్టరు పసిపిల్లల ల్యుకేమియాకు (రక్తకేన్సర్‌కు) వైద్యం చేశాడు. దాని వెనకే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికీ రాస్తున్నాం. వారానికొకసారి వేసుకోవాల్సినదాన్ని రోజూ మింగితే నోరు పూసి, ఎముకమజ్జ దెబ్బతింటుంది. చీటీ మీద వారంలో ఏ రోజో తెలుగులో రాసివ్వండి.

మద్రాసుకీ మన కోస్తాకీ దగ్గరి సంగతి బోదకాలు. దానికిచ్చే డీఈసీ మాత్ర ఆయన విభాగం ఇచ్చిన మందే. సామూహిక పంపిణీలో ఏడాదికోసారి రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకు 100 మి.గ్రా., పద్నాలుగేళ్ళ దాకా 200, ఆపైన 300, తోడుగా నులిపురుగుల మందు ఆల్బెండజోల్. గర్భిణులకు, రెండేళ్ళలోపువాళ్ళకు ఇవ్వరు. వేసుకున్నాక కొందరికి జ్వరం, తలతిరుగుడు వస్తే ‘మందు పడలేదు’ అని మర్నాటికి వీధంతా మానేస్తుంది. ఆ జ్వరం రక్తంలో పురుగుపిల్లలు చస్తున్నందుకు. అందుకే మాత్రలు చేతికిచ్చి వెళ్ళిపోకుండా, ఎదురుగా మింగించి, ఏమవుతుందో ముందే చెప్పి రావాలి.