వదిన తెచ్చిన బజ్జీలు

పదకొండు దాటింది. మా ఆయన గురక పెడుతున్నాడు. నాకేమో మధ్యాహ్నం వదిన అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. "ఆస్పత్రి తిండి ఆస్పత్రిలో పెడతారు, ఇంట్లో కూడా అదేనా?" అంది. నాతో కాదు, గోడతో అన్నట్టు.

డోన్ నుంచి వస్తూ వస్తూ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చింది మహాతల్లి. గొంతు క్యాన్సర్‌కు కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకుంటున్న మనిషికి! నేను మజ్జిగ తెచ్చేలోపు మూడు అయిపోయాయి. నాలుగోదాన్ని తుంచి పప్పులపొడిలో అద్దుకుంటున్నాడు. వేళ్ళ నిండా నూనె, మొహం నిండా సంతోషం. "ఏం కాదులేమే, అసలు మంటే లేదు" అంటాడు.

మంట ఇప్పుడెందుకుంటుంది? మొదటి వారం ఏమీ తెలియదనీ, రెండు మూడు వారాలు గడిచాక గొంతు లోపల పుండు పడి మింగుడు కష్టమవుతుందనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. కారం, పులుపు, వేడివేడివి వద్దంది. బీడీ ముట్టుకుంటే ఇచ్చిన కరెంటు సరిగ్గా పనిచెయ్యదని కూడా అంది. ఈయన తలూపాడు. తలూపడంలో మా ఆయన్ను మించినవాడు లేడు, మీకు తెలుసుగా.

ఇవన్నీ వదినకు చెప్పాను. వింటే కదా. పైగా "మనవణ్ణి దగ్గరికి పంపకు, ఒంట్లో కరెంటు ఉంటుంది" అని నాకే జాగ్రత్తలు. బయట మిషన్ నుంచి ఇచ్చేది ఒంట్లో నిలవదు వదినా, గదిలోంచి వచ్చాక పిల్లల్ని ఎత్తుకోవచ్చని చెప్పారంటే, "వాళ్ళట్లే చెప్తారు" అంట. పిల్లోడికి కరెంటు తగులుతుందంట, తమ్ముడికి మిరపకాయ తగలదంట. ఏం లెక్కో!

ఆ గొంతు ఎట్లాంటి గొంతు! పెళ్ళయిన కొత్తలో మంత్రాలయం పోదామని ఆయన డ్యూటీ బస్సే ఎక్కాను. నిలబడేదానికి జాగా లేదు. "టికెట్, టికెట్" అంటూ వచ్చి, నేనెవరో తెలియనట్టే చెయ్యి చాపాడు. నా దగ్గర పైసా లేదు. పక్కనున్నామె "దింపేస్తాడు పాపా, దుడ్డు తియ్యి" అని నన్ను పొడుస్తోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు సొంత జేబులోంచి తీసి బ్యాగులో వేసుకుని, టికెట్ చింపి నా చేతిలో పెట్టాడు. చెకింగ్ వస్తే ఉద్యోగం పోతుంది కదా అని రాత్రికి సంజాయిషీ. కోడుమూరులో ఆయన "రైట్ రైట్" అంటే డ్రైవర్‌కే కాదు, హోటల్లో టీ తాగేవాళ్ళకూ వినిపించేది. విజిల్ జేబులోనే ఉండేది. ఆ గొంతు బొంగురుపోతే నెలల తరబడి దుమ్మే అనుకున్నాం, మిరియాల కషాయం తాగించాను.

ఇప్పుడు మొహం నుంచి భుజాల దాకా వల మాస్క్ వేసి టేబుల్‌కు క్లిప్పులు బిగిస్తారు. కదలకూడదు, మాట్లాడకూడదు. ఇబ్బందయితే చెయ్యెత్తమన్నారంట, కెమెరాలో చూస్తుంటారంట. ఇన్నేళ్ళూ చెయ్యెత్తినవాళ్ళ కోసం బస్సు ఆపిన మనిషి! బయటికొచ్చేసరికి నుదుటి మీద, చెంపల మీద చిన్న చిన్న గళ్ళు అచ్చుపడి ఉంటాయి. ఆటో రాజ్‌విహార్ సెంటర్ దాటినా పోవు. కొంగుతో రుద్దబోతే మొహం తిప్పుకుంటాడు.

రాస్తుంటే కోపం ఇంకోవైపు తిరుగుతోంది. బరువు తగ్గితే మాస్క్ వదులైపోతుంది, మళ్ళీ స్కాన్ తీసి కొత్తది చెయ్యాల్సి వస్తుందని కూడా అన్నారు కదా. నేను పెట్టే సంగటి, చప్పిడి పెసరపప్పు సగం వదిలేస్తున్న మనిషి ఈరోజు ప్లేటు ఖాళీ చేశాడు. మింగగలిగిన నాలుగు రోజులైనా తిననీ అని వదిన అనుకుంటే తప్పేముంది? ఆమెకూ తమ్ముడే. బజ్జీలు మాని ఉగ్గాని ఒక్కటే, అదీ కారం తగ్గించి తెచ్చుంటే నేనే పొగిడేదాన్ని. లేదులే, పొగిడేదాన్ని కాదు. ఆ గోడతో మాట్లాడ్డం మాత్రం క్షమించను.

శని, ఆదివారాలు కరెంటు లేదు. వదిన సోమవారం దాకా ఉంటుంది. రేపు పచ్చిమిర్చి వెయ్యకుండా, నిమ్మకాయ పిండకుండా ఉగ్గాని నేనే చేస్తాను. ఎవరేమంటారో చూద్దాం. అన్నట్టు, ఉప్పూ వంటసోడా కలిపిన నీళ్ళు అట్లాగే ఉన్నాయి. పుక్కిలించకుండానే పడుకున్నాడు. లేపాలి.