ఎవరినీ అడగొద్దు, పాలసీ పోతుంది

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మేం కొన్న ఇల్లు 1930ల నాటిది. లోన్ వచ్చేసింది, ఇక తాళాలే తరువాయి అనుకుంటుంటే మా సొలిసిటర్, అంటే కొనుగోలు కాగితాలు చూసే లాయరు, ల్యాండ్ రిజిస్ట్రీ కాగితం పంపింది. 1934లో ఆ స్థలం అమ్మినాయన పెట్టిన షరతులున్నాయి అందులో. కోళ్లు, పందులు పెంచకూడదు. మద్యం అమ్మకూడదు. తన రాతపూర్వక అనుమతి లేకుండా ఇంటికి కొత్తగా ఏదీ కట్టకూడదు. పందుల దగ్గర నవ్వుకున్నాం గానీ, మాకు అమ్ముతున్నావిడ పన్నెండేళ్ల కిందట వంటగది వెనక్కి పెంచి కట్టింది, కౌన్సిల్ పర్మిషన్ ఉంది, ఈ అనుమతి మాత్రం లేదు. ఆ పెద్దాయన ఎప్పుడో పోయుంటాడు కదా అంటే, ఇక్కడ ఇలాంటి షరతు మనిషితో పోదట, 1848 నాటి ఒక కోర్టు తీర్పు నుంచీ స్థలాన్నే పట్టుకుని వస్తోంది.

నాకేమో ఆఫీసులో ఏ డౌటొచ్చినా సంబంధిత టీమ్‌కి మెయిల్ కొట్టే అలవాటు. అప్పట్లో స్థలం అమ్మినాయన కుటుంబం ఎస్టేట్ ఆఫీసు ఇప్పటికీ ఉందని గూగుల్‌లో దొరికింది, మర్యాదగా నాలుగు ముక్కలు రాసి, పంపేముందు ఎందుకైనా మంచిదని సొలిసిటర్‌కి చూపించాను. ఐదు నిమిషాల్లో ఫోన్. "దయచేసి ఎవరికీ పంపకండి, పంపితే ఇన్సూరెన్స్ ఇవ్వరు" అంది.

దాన్నే ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ అంటారు. ప్రీమియం ఒక్కసారి కడితే చాలు, మాది 150 పౌండ్ల లోపే, అదీ అమ్మే ఆవిడతోనే కట్టించాం. రేపు ఎవరైనా ఆ షరతు పట్టుకుని కోర్టుకెళ్తే ఖర్చులు, ఇంటి విలువ తగ్గితే ఆ నష్టం కంపెనీ భరిస్తుంది, బ్యాంకుకీ, మా తర్వాత కొనేవాళ్లకీ వర్తిస్తుంది. అలాగని తప్పు ఒప్పయిపోదు. పాలసీ ఉందన్న సంగతి కూడా బయట చెప్పకూడదు.

ఒంగోలు నుంచి నాన్న రోజూ ఒకటే ప్రశ్న, "ఏరా, ఈసీ తీయించావా, లింకు డాక్యుమెంట్లు చూశావా?" అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అంటే లొసుగుందని తెలిసి, నోరు మూసుకుంటానని పాలసీ తీసుకుని మరీ కొంటున్నావా?" అన్నారు. ఆయన లెక్కలో బీపీఎస్ కింద, అంటే అనుమతి లేని కట్టడాల్ని క్రమబద్ధీకరించే ఆంధ్ర ప్రభుత్వ పథకం కింద, జరిమానా కట్టేసి కాగితం తెచ్చుకోవడమే పద్ధతి. నిజం చెప్పాలంటే నాకూ అదే నయమనిపించింది.

కొత్తగా ఏం కట్టినా ఈ పాలసీ పనికిరాదు, కాబట్టి అటక మీద గది వేద్దామన్న మా ఆవిడ ప్లాన్ అక్కడే ఆగింది.

గృహప్రవేశం రోజు పాలు పొంగించింది ఆ వంటగదిలోనే. పొగ అలారం మోగితే పక్కింటి పెద్దాయన చూడటానికొచ్చి, చుట్టూ కలియజూసి, "బాగా కట్టారు, అప్పట్లో దీనికి అనుమతి ఎవరిచ్చారో" అన్నాడు.

నేను పాయసం గిన్నె ఆయన చేతిలో పెట్టాను.