పాత కుట్టు మిషన్ కొనాలా వద్దా, రెండు వారాలుగా ఇంట్లో ఇదే పంచాయితీ

పోయిన బతుకమ్మకు జాకెట్లు కుట్టించిన బిల్లు చూశాక మొదలైంది ఇదంతా. నావి రెండు, అత్తమ్మది ఒకటి, పాపకు లంగా జాకెట్టు. లైనింగ్ బట్ట మనదే, హుక్కులు కూడా మనమే ఇచ్చాం, అయినా పర్సులోంచి తీసిన 2,000 రూపాయల్లో చిల్లర తప్ప ఏం వాపసు రాలేదు. పైగా నా దానికి చంక కింద బిగుతు. కాస్త విప్పి కుట్టమంటే టైలరమ్మ "పండుగ అయినంక రా అక్కా" అన్నది. పెళ్లికి ముందు హాలియాలో మూడు నెలలు మిషన్ నేర్చుకున్నదాన్ని, ఊరందరికీ కాకపోయినా మా వాడకట్టు వరకు జాకెట్లు కుట్టినదాన్ని, ఇప్పుడు ఒకరి గడప ముందు నిలబడి బతిమాలుకుంటున్నానే అని నాకే సిగ్గనిపించింది.

కొత్తది కొందామంటే, స్టాండూ బల్లా కలిపి నల్గొండలో అడిగిన చోటల్లా 9,000 దగ్గర చెప్పారు. మా ఆయన "నాలుగు రోజులు కుట్టి మూలకేస్తవ్, పాతది చూడరాదు" అన్నాడు. అది ఎత్తిపొడుపో సలహానో అర్థం కాలేదు, సలహా కిందే తీసుకున్నాను.

పాతవి దొరకడం పెద్ద కష్టమేం కాదు. 2024లో సర్కారు బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చినప్పుడు, మాకు తెలిసినవాళ్లలోనే ఇద్దరు మోటార్ మిషన్లకు మారి కాలు మిషన్లు అమ్మేశారు. ఆ రెండూ నేను అడిగేలోపే పోయాయి, అది వేరే సంగతి.

మొదట చూసింది క్లాక్ టవర్ నుంచి లోపలికి పోయే ఒక సందులో, పాత సామాను దుకాణంలో. నల్లగా నిగనిగలాడుతోంది, మీద బంగారు రంగు పువ్వులు, పెద్ద కంపెనీ స్టిక్కరు. 5,500 అన్నాడు. చూడగానే మనసు పడిపోయింది, అబద్ధం ఎందుకు. కానీ దగ్గరికి పోయి చూస్తే స్క్రూల గాట్లలోకి కూడా రంగు కారి ఉంది. అంటే ఒక్క స్క్రూ కూడా విప్పకుండా, లోపల తుడవకుండా, మీద మీద రంగు కొట్టేశారు. నంబరు ఉండాల్సిన చోట కూడా రంగే. మిషన్ తల, అంటే బల్ల మీదుండే కుట్టే భాగం, వెనక్కి వంచి అడుగు చూస్తే జంగు.

స్టిక్కరు గురించి ఒక మాట. మన ఇళ్లల్లో ఉండే నల్ల మిషన్లు, 1930ల్లో కలకత్తాలో మొదలైన ఉషా కావచ్చు, లూధియానాలో తయారై రకరకాల పేర్లతో వచ్చేవి కావచ్చు, ఎక్కువ శాతం సింగర్ 15 అనే పాత మోడల్ పద్ధతిలోనే ఉంటాయి. అందుకే ఒకదాని బాబిన్ (కింది దారం చుట్టేది), అది కూర్చునే బాబిన్ కేసు, పై దారాన్ని కింది దారంతో కలిపే షెటిల్, సూది ఇంకోదానికి పడతాయి. పాతది కొనడంలో అసలు ధైర్యం అదే, ముప్పై ఏళ్ల మిషన్‌కైనా రేపు సామాను దొరుకుతుంది. కానీ అదే కారణంగా ఏ తలకు ఏ స్టిక్కరైనా అంటించొచ్చు. కాబట్టి పేరు చూసి డబ్బులు ఎక్కువ పెట్టకండి.

ఇక తొక్కి చూశాను. నేను ఇంటి నుంచే కొత్త సూది, రెండు రంగుల దారం, పాత లైనింగ్ ముక్కలు, ఒక చీర అంచు ముక్క పట్టుకుపోయాను. వాళ్ల సూది వంకరగా ఉంటే కుట్టు తప్పిన పాపం ఎవరిదో తేలదు కదా. పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్లది. రెండు వైపులా ఏ రంగు ఆ వైపే కనపడాలి. పైన తెల్ల చుక్కలు తేలితే పై దారం మరీ బిగిసినట్టు, కింద ఎర్ర ఉచ్చులు వేలాడితే పై దారం వదులైనట్టు. అది టెన్షన్ మర తిప్పితే సరిపోతుంది, మనం టెన్షన్ పడక్కర్లేదు. దీనికి వచ్చిన రోగం వేరు. మూడు కుట్లకొకటి ఎగిరిపోతోంది. సూది బిగించే కడ్డీని రెండు వేళ్లతో పట్టుకుని కదిపితే అటూ ఇటూ ఆడుతోంది, ఊడబోయే పాలపన్ను లాగా. బాబిన్ కేసో షెటిలో పాడైతే తక్కువలో మార్చుకోవచ్చు, కడ్డీ ఆడే చోటే అరిగిపోతే ఆ ఖర్చు మనకెందుకు. "వాడంగ వాడంగ సెట్ అయితది అక్కా" అన్నాడు. వాడగా వాడగానే కదా అరిగింది!

రెండోది కట్టంగూర్ దాటాక ఒక ఊళ్లో. మా ఆడబిడ్డకు తెలిసినవాళ్లు. ఆ తాత ఒకప్పుడు ఊరికంతటికీ టైలరు, కంటి చూపు తగ్గి మానేశాడు. మిషన్ మీద ఉల్లిగడ్డల బుట్ట, పక్కన మక్కల బస్తా. రంగు వెలిసిపోయి, చెయ్యి ఆనే చోట ఇనుము తెల్లగా బయటపడి, చూడ్డానికి ఏమాత్రం బాగాలేదు. చక్రం తిప్పబోతే ఇసుమంత కూడా కదల్లేదు. నా ముఖం చూసి తాత నవ్వాడు. "ఖరాబు గాలేదు బిడ్డా, మా కోడలు కొబ్బరినూనె వోసింది."

అది విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే మా అమ్మ కూడా ఒకసారి ఇదే పని చేసింది. మిషన్ నూనె అయిపోతే తలకు రాసుకునే నూనె పోస్తారు, ఆ రోజుకు బాగానే తిరుగుతుంది, చలికాలంలో గడ్డకడుతుంది, ఏళ్లు గడిస్తే జిగురై లోపలి కీళ్లన్నీ అతుక్కుంటాయి. చక్రం మధ్యలో ఉన్న పెద్ద మర, బాబిన్ చుట్టేటప్పుడు వదులు చేస్తాం చూడండి, అది వదులు చేసి తిప్పాను. చక్రం ఒక్కటే గిర్రున తిరిగింది. అంటే బిగుసుకున్నది చక్రం కాదు, లోపలే.

మూడు రోజుల తర్వాత పట్నం నుంచి మిషన్ రిపేరు చేసే ఆయన్ను తోలుకుపోయాను. కిరసనాయిలు దొరకడమే గగనం ఇప్పుడు, ఎక్కడిదో ఒక సీసా తెచ్చాడు. తల ఊడదీసి ఎండలో పెట్టి, నూనె రంధ్రాలన్నిట్లో చుక్క చుక్క పోసి, బలవంతం చేయకుండా చక్రం ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపుతూ కూర్చున్నాడు. తాత పక్కన కూర్చుని ఆయనకు పని చెబుతున్నాడు, ఆయన వింటున్నట్టు తల ఊపుతున్నాడు. గంటన్నరకు ఒక చుట్టు తిరిగింది. నల్లటి బంక కారింది. మంచి మిషన్ నూనె పోశాక ఇంకా తేలికైంది. సూది కడ్డీ కదిపి చూశాను, ఆడలేదు. సూది కింద బట్టను లాగే పళ్ల మీద వేలు పెట్టి చూస్తే గరుకుగానే ఉన్నాయి. రెండు మడతల లైనింగ్ కుట్టాను, అది మడిచి నాలుగు మడతలు కుట్టాను, ఒక్క కుట్టు ఎగరలేదు.

లోపాలు లేవని కాదు. తోలు బెల్టు కుళ్లింది. బాబిన్ చుట్టే రబ్బరు లేదు. బల్ల ఒక మూల చెదలు తిన్నది. ఇది తిన్నగా కుట్టే మిషన్, పీకో, అంటే చీర అంచు ఊడకుండా వేసే జిగ్‌జాగ్ కుట్టు, దీంతో రాదు, చీరల పీకోకు మళ్లీ బయటికే. మోటారు బిగించుకుంటే వేగం వస్తుందంటారు కానీ, ఈ రకంలో షెటిల్ పూర్తిగా చుట్టూ తిరగదు, సగం పోయి వెనక్కి వస్తుంది, మరీ వేగంగా తోలితే అదురుతుంది. రోజుకు పది జాకెట్లు కుట్టి అమ్మాలనుకునేవాళ్లు ఇలాంటిది కొనకండి. ఇంటి వరకు చాలు.

తాత 3,000 అడిగాడు, 2,500కు ఒప్పుకున్నాడు. రిపేరుకు 600, బెల్టూ రబ్బరూ చిల్లర. అగ్గువే. అయినా ఇంటికొచ్చాక మళ్లీ అనుమానం. పన్నెండేళ్లయింది కత్తెర పట్టి. కటింగ్ గుర్తుందా? మా ఆయన అన్న మాటే నిజమై ఫ్రిజ్ పక్కన బట్టలు ఆరేసుకునే బల్ల అవుతుందా? రిపేరు ఆయన పోతూ పోతూ "వారానికి ఒక్కసారన్న తొక్కాలె అక్కా, పండుగకు పండుగకు తీస్తే మల్ల పట్టుకుంటది" అన్నాడు. అందుకని రాత్రి పాత పేపరు పరిచి, సరిపోయే జాకెట్టు ఒకటి ముందు పెట్టుకుని, కొలతలు తీసి కటింగ్ గీసి చూశాను. చేతులు, వీపు వచ్చేశాయి. ముందు భాగంలో, ఒంటికి అమరేలా మడిచి కుట్టే డాట్ల దగ్గర తప్పాను, చెరిపి గీస్తే అదీ వచ్చింది.

పొద్దున్నే ఫోన్ చేసి 500 బయానా పంపించాను. ఆదివారానికి ట్రాలీ ఆటో మాట్లాడాం. మేముండేది రెండో అంతస్తు, స్టాండు మొత్తం పోత ఇనుము. మా ఆయన ఇప్పటినుంచే నడుం పట్టుకుని తిరుగుతున్నాడు.