98 నంబరు బస్సు కిటికీలోంచి

లండన్‌లో మ్యూజియాలూ రాజభవనాలూ చూశాను కానీ వాటి గురించి రాసినవాళ్లు కొల్లలు. నేను రాయాలనుకున్నది ఒక బస్సు ప్రయాణం గురించి. కిల్‌బర్న్‌లో 98 ఎక్కి, పై అంతస్తులో ఎడమ వైపు కూర్చున్నాను. మార్బుల్ ఆర్చ్ దగ్గర ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోకి మలుపు తిరగగానే బస్సు నిలిచిపోయింది. టికెట్టు 1.75 పౌండ్లు, మన లెక్కలో రెండు వందల పైమాటే. ఇంత పోసి ఎక్కింది ట్రాఫిక్‌లో కూర్చోవడానికా అని ఒళ్లు మండింది.

కాసేపు కదిలి, ఆగి, చివరికి సరిగ్గా సెల్ఫ్‌రిడ్జెస్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ముందు బైఠాయించింది. బారులు తీరిన రాతి స్తంభాలు. గుమ్మం పైన ఓడ ముక్కు మీద నిలబడ్డ కంచు స్త్రీమూర్తి, ఆమె నెత్తి మీద పెద్ద గడియారం.

"దీన్ని కట్టించినాయన కూడా చివరికి ఇలాగే బస్సెక్కి వచ్చి చూసి వెళ్లేవాడట" అంది పక్క సీట్లో పెద్దావిడ.

హ్యారీ గోర్డన్ సెల్ఫ్‌రిడ్జ్ అమెరికావాడు. షికాగోలో కొట్టు నడిపిన అనుభవంతో వచ్చి 1909లో ఇక్కడ తెరిచాడు. ఆ ఏడాదే ఇంగ్లిష్ ఛానెల్ దాటిన ఫ్రెంచి వైమానికుడు బ్లేరియో విమానాన్ని తెచ్చి కొట్లో పెడితే జనం విరగబడ్డారు. తర్వాత జూదం, విలాసాలు, అప్పులు. 1941 నాటికి తన పేరున్న కొట్టులోనే ఆయనకు అధికారం లేకుండా పోయింది. 1947లో పట్నీలో చిన్న ఫ్లాటులో పోయాడు.

బస్సు కదిలే సూచన లేదు. ఫోను తీసి, ఆ తర్వాత ఈ కొట్టు ఎవరెవరి చేతులు మారిందో వెతికి ఆవిడకు చదివి వినిపించాను. 1951లో లివర్‌పూల్ లూయిసెస్ వాళ్లు, 1965లో సియర్స్, 2003లో 598 మిలియన్ పౌండ్లకు కెనడాకు చెందిన వెస్టన్ కుటుంబం, 2022లో థాయ్‌లాండ్ సెంట్రల్ గ్రూపు, ఆస్ట్రియా సిగ్నా కలిసి. సిగ్నా దివాలా తీశాక 2024లో దాని స్థానంలో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి వచ్చి కూర్చుంది. లండన్‌లో మరో పేరుమోసిన కొట్టు హారడ్స్ అయితే 2010 నుంచి ఖతార్ వాళ్లది.

"మరి మీవాళ్లేమీ కొనలేదా?"

కొన్నారు. 1760 నాటి హామ్లీస్ బొమ్మల కొట్టు 2019 నుంచి మన రిలయన్స్‌దే. ఫ్రాన్స్ వాళ్లూ చైనా వాళ్లూ ఏలాక మన చేతికి వచ్చింది. చెబుతుంటే నా గొంతులో ఎక్కడ లేని దర్జా.

"అయితే మీకు ధర తగ్గిస్తారా?" అని అడిగింది. దర్జా అక్కడితో సరి.

బస్సు నత్తనడక మొదలుపెట్టింది. ఒకప్పుడు డెబెన్‌హామ్స్ కొట్టు ఉన్న భవనం వచ్చింది. 1778 నాటి వ్యాపారం. 2021లో బూహూ అనే ఆన్‌లైన్ కంపెనీ 55 మిలియన్లకు పేరూ వెబ్‌సైటూ కొనుక్కుంది, దుకాణాలు మాకొద్దు పొమ్మంది. దాని పక్కదాన్ని చూపించి ఆవిడ "డి.హెచ్. ఎవాన్స్" అంది. ఆ పేరు తీసేసి హౌస్ ఆఫ్ ఫ్రేజర్ అని పెట్టారు, 2018లో మైక్ ఆష్లీ అనే వ్యాపారి ఆ సంస్థ మొత్తాన్నీ 90 మిలియన్లకు పట్టుకుపోయాడు, 2022లో ఈ శాఖకు తాళం పడింది. ఆవిడకు మాత్రం అదింకా డి.హెచ్. ఎవాన్సే. పెళ్లికి ముందు అక్కడ చేతి తొడుగుల కౌంటర్లో పనిచేసిందట. గాజు బల్ల మీద మోచెయ్యి ఆనించమని, వేళ్లు ఒక్కొక్కటిగా నిమురుతూ తొడుగు ఎలా ఎక్కించేవారో నా చెయ్యి పట్టుకుని చేసి చూపించింది. చిటికెన వేలు ఆఖరున ఎక్కించాలట.

ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో దిగేసరికి వాన. ఒక కొట్టు పై అంతస్తులో టీ తాగితే ఆరు వందల రూపాయలు వదిలాయి, అదీ పాలు విడిగా, పంచదార విడిగా. కడుపు మంటతోనే వెనక్కి నడిచి జాన్ లూయిస్ అనే ఇంకో పెద్ద కొట్లో గొడుగు కొన్నాను. వ్యవస్థాపకుడి కొడుకు స్పీడన్ లూయిస్ 1929లో వ్యాపారాన్ని ఉద్యోగుల పేర ట్రస్టుకు రాసిచ్చాడు. అందుకే ఇక్కడ గుమాస్తాలను భాగస్వాములంటారు. 1940లో బాంబులకు కాలిపోయి మళ్లీ లేచిన ఈ కొట్టును ఏ దేశపు షావుకారూ ఎగరేసుకుపోలేదు.

బిల్లు వేస్తున్న అమ్మాయిని "అయితే ఇది మీ కొట్టేనన్నమాట" అని పలకరించాను. అవునంది. లాభాల్లో వాటా బాగానే వస్తుందా అని మనవాళ్ల అలవాటు కొద్దీ అడిగేశాను. బోనస్ ఆగి ఏళ్లయిందని నవ్వేసి, "సంచి కావాలా? దానికి వేరే డబ్బులు" అంది.